ముందు రాయి, తర్వాత నిర్వచనం

ఏడో తరగతి పిల్లవాణ్ని నిలబెట్టి "సాంద్రత అంటే ఏమిటి?" అని అడగండి. ఊపిరి తీసుకోకుండా చెప్తాడు: ప్రమాణ ఘనపరిమాణం గల పదార్థపు ద్రవ్యరాశి. తప్పు లేదు, మార్కు పడుతుంది. తర్వాత అతని రెండు చేతుల్లో ఒకే సైజు రాళ్లు రెండు పెట్టి, కుడి చేతిది ఎందుకంత బరువుందో చెప్పమనండి. ఇది వేరే పాఠం అనుకుని మన ముఖం వైపు చూస్తాడు. ఇందాక అప్పజెప్పిన వాక్యానికీ తన మణికట్టు మీద పడుతున్న బరువుకీ సంబంధం ఉందని అతనికి తట్టదు. ఆ సంబంధం చూపించే పని బడిలో ఎవరూ చెయ్యలేదు మరి.

నేను రాయలసీమలో ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలకు మనం నేర్పే సైన్సు మాటల్లో చాలావాటిని, అంటే పదార్థం, ద్రవ్యరాశి, ఘనపరిమాణం, సాంద్రత, మూలకం, సమ్మేళనం, మిశ్రమం, స్ఫటికం, ఖనిజం, కాఠిన్యం, పరిశీలన, కొలత అన్నవాటిని, మన ఊరి చుట్టూ దొరికే రాళ్లతోనే మొదలుపెట్టి నేర్పాలన్నది నా వాదన. పిల్లలు ముందు పని చెయ్యాలి. ఆ పనికి పేరు అవసరమైనప్పుడు పేరు చెప్పాలి. ఇప్పుడు జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. జూన్‌లో మాటల జాబితా బట్టీ పట్టిస్తాం. ప్రయోగం ఎప్పుడైనా టైం దొరికితే చూపిస్తాం, లేకపోతే బొమ్మ గీయిస్తాం.

రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలో దొరికే ముగ్గురాయి సంగతి తీసుకుందాం. పుస్తకాల్లో బెరైటీస్ అంటారు, రసాయనికంగా బేరియం సల్ఫేట్. ప్రపంచంలోనే అతి పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో మంగంపేటది ఒకటి. చూడటానికి గొప్పగా ఏమీ ఉండదు, బూడిదరంగు రాయి. కానీ చేతిలోకి తీసుకోగానే చెయ్యి కిందికి పోతుంది. మామూలు పలుగురాయి సాంద్రత నీటికి 2.65 రెట్లు. శుద్ధమైన ముగ్గురాయిది దాదాపు 4.5 రెట్లు. ఈ తేడా చెప్పడానికి యంత్రం అక్కర్లేదు, పిల్లల చేతులే చెప్తాయి.

చేతులు చెప్పినదాన్ని అంకెల్లోకి మార్చడం దగ్గర ల్యాబ్ నైపుణ్యం మొదలవుతుంది. సామాన్లు తూచే చిన్న వేలాడే కాటా ఒకటి, నైలాన్ దారం, ఒక బకెట్ నీళ్లు చాలు. రాయిని దారంతో కట్టి గాల్లో తూచాలి, 900 గ్రాములు వచ్చిందనుకుందాం. కాటాకి వేలాడుతూ ఉండగానే రాయి పూర్తిగా మునిగేలా నీళ్లలోకి దించాలి, అడుగుకు తగలకూడదు. ఇప్పుడు 700 చూపిస్తుంది. తగ్గినది 200 గ్రాములు, అంటే రాయి పక్కకు నెట్టిన నీరు 200 గ్రాములు, అంటే రాయి ఘనపరిమాణం 200 ఘన సెంటీమీటర్లు. 900ని 200తో భాగిస్తే 4.5. అదే ఘనపరిమాణం ఉన్న పలుగురాయి గాల్లో 530, నీళ్లలో 330 తూగుతుంది. ఈ రెండు భాగహారాలు సొంతంగా చేసిన పిల్లకు సాంద్రత నిర్వచనం నేను చెప్పక్కర్లేదు. తనే వేలు చూపించి "ఇదా సార్" అంటుంది.

ఇందులో అంకెల కంటే నాకు ముఖ్యమైనది ఇంకొకటుంది. ఒకే రాయికి అయిదు గుంపులు అయిదు జవాబులు తెస్తాయి. ఒకరి రాయికి గాలిబుడగలు అంటుకున్నాయి. ఒకరు బకెట్ అడుగుకు తగలనిచ్చారు. ఒకరు కాటా మీద అంకె స్థిరపడక ముందే రాసేసుకున్నారు. ఆ క్లాసులో అసలు చదువు అక్కడుంది. ఎందుకు తేడా వచ్చింది, మళ్లీ చేస్తే తగ్గుతుందా, సరాసరి ఎందుకు తీస్తాం, మిగతావాటికి దూరంగా ఉన్న ఆ ఒక్క అంకెను కొట్టెయ్యచ్చా? కొట్టెయ్యకూడదు. పక్కన కారణం రాయాలి.

ఇక్కడ రికార్డు పుస్తకాల గురించి మాట్లాడకుండా ముందుకు వెళ్లలేను. తెలుగునాట సైన్సు చదివిన ప్రతి ఒక్కరికీ ఆ పుస్తకం తెలుసు. ఎడమ పేజీలో బొమ్మ, కుడి పేజీలో ఉద్దేశం, పరికరాలు, విధానం, పట్టిక, ఫలితం. పట్టికలో అంకెలన్నీ ముచ్చటగా ఒకదాని పక్కన ఒకటి కూర్చుంటాయి, ఎందుకంటే అవి జవాబు నుంచి వెనక్కి లెక్కగట్టినవి. సీనియర్ రికార్డు చూసి జూనియర్, ఆ జూనియర్‌ది చూసి ఇంకొకరు. మనం పిల్లలకు దాన్ని సైన్సు పేరుతో నేర్పుతున్నాం. చెయ్యని కొలతను చేసినట్టు రాయడం సైన్సులో అన్నిటికంటే పెద్ద నేరం, దాన్ని ఇంటర్ ప్రాక్టికల్స్ నాటికి అలవాటుగా మార్చేస్తున్నాం. 4.1, 4.6, 3.8 అని కొట్టివేతలతో నిండిన చిత్తు కాగితం నాకు తెస్తే, అట్ట వేసిన రికార్డు కంటే దానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

సాంద్రత బడిలోనే ఆగిపోయే మాట కాదు. మంగంపేటలో ముగ్గురాయిని గ్రేడులుగా విడగొట్టడంలో, ధర కట్టడంలో చూసేది ముఖ్యంగా దాన్నే. చమురు, గ్యాస్ బావులు తవ్వేటప్పుడు గొట్టంలోకి పంపే బురదలో ముగ్గురాయి పొడి కలుపుతారు. బురద బరువుగా ఉంటే కింది నుంచి తన్నుకొచ్చే గ్యాస్ ఒత్తిడిని అది అణచిపెడుతుంది. 1995 జనవరిలో కోనసీమలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. పెద్దవాళ్లకు ఆ మంట ఇంకా గుర్తుంది. భూమి లోపలి ఒత్తిడి అదుపు తప్పితే ఏమవుతుందో ఆ మంట చూపించింది. ఏడో తరగతిలో భాగహారంతో వచ్చిన 4.5 అనే అంకె ఆ ఒత్తిడికి ఎదురు నిలిచే అంకె అని చెప్పినప్పుడు వెనక బెంచీ కూడా వింటుంది.

అదే రాయితో ఇంకో మాట. బేరియం లవణాల్లో నీళ్లలో కరిగేవి విషం. కానీ ఆసుపత్రిలో కడుపు ఎక్స్‌రే తీసే ముందు తాగించే తెల్లటి ద్రవంలో ఉండేది బేరియం సల్ఫేటే. అది నీళ్లలో దాదాపు కరగదు, ఒంటికి పట్టదు, బయటికి పోతుంది. మూలకం ఒకటే అయినా సమ్మేళనం మారితే గుణం మారుతుంది అనే వాక్యం దీని తర్వాత చెప్తే నిలుస్తుంది. ముందు చెప్తే నిలవదు.

కాఠిన్యం దగ్గరికి వస్తే మనకు ఇంకా తేలిక, ఎందుకంటే పలకా బలపం చేతిలో పట్టిన ప్రతి పిల్లా ఈ ప్రయోగం అయిదేళ్లకే చేసింది. రాతి బలపం మెత్తటి రాయి, అందులో ప్రధానంగా ఉండేది టాల్క్. పలక దానికంటే గట్టిది. గట్టిదాని మీద మెత్తది అరిగి పొడి వదిలింది, ఆ పొడే అక్షరం. మార్కాపురం పలకలు ఒకప్పుడు ఎన్ని ఊళ్ల బడులకు వెళ్లాయో మన ముందు తరానికి తెలుసు. 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త పది ఖనిజాలను వరసలో పెట్టి, ఏది దేన్ని గీస్తుందో చూసి 1 నుంచి 10 అంకెలిచ్చాడు. టాల్క్ 1, జిప్సం 2, కాల్సైట్ 3, అలా పోయి పలుగురాయి 7, కురువిందం 9, వజ్రం 10. మన గోరు రెండున్నర. కిటికీ గాజు, చాకు దాదాపు అయిదున్నర.

ఆ పది పేర్లూ బట్టీ పట్టించాల్సిన అవసరం నాకు ఎప్పుడూ కనపడలేదు. గోరు, పాత రాగి నాణెం, మేకు, గాజు ముక్క ఇచ్చి ఏడెనిమిది రాళ్లను వరసలో పెట్టమంటే చాలు. పిల్లలు తప్పకుండా తడబడే చోటు ఒకటుంది, అక్కడ ఆగాలి. గాజు మీద తెల్లటి గీత కనపడగానే "గీసింది సార్" అంటారు. తడి వేలితో తుడవమనాలి. గీత పోతే అది రాయి వదిలిన పొడి, అంటే మెత్తది గాజు కాదు, రాయే. పోకపోతే నిజంగా గాజు మీద పడ్డ గీత. చూసినది వేరు, చూసినదాన్నిబట్టి ఊహించినది వేరు అని నేను నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాసినా ఎక్కనిది, ఈ తడి వేలితో ఎక్కుతుంది.

తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాల కోసం జనం వెతుకుతారు కదా. మెరిసే రాయి దొరికితే చాలామంది చేసే పరీక్ష గాజు మీద గీసి చూడటం. పలుగురాయి కూడా గాజును గీస్తుంది. కాబట్టి ఆ పరీక్షలో గెలిచినంత మాత్రాన వజ్రం కాదు. సాంద్రత చూస్తే పలుగురాయి 2.65, వజ్రం 3.5. అంత చిన్న రాయిని బడి కాటాతో తూచలేం గానీ, ఒక్క పరీక్షతో తేలని దాన్ని రెండో పరీక్ష తేలుస్తుందనే ఆలోచన పిల్లలకు అందుతుంది. ఇంకొక మాట కూడా చెప్పి తీరాలి. గీతలు పడకపోవడం వేరు, పగలకపోవడం వేరు. సుత్తితో కొడితే వజ్రం పగులుతుంది. వజ్రమో కాదో తేల్చడానికి సుత్తి దెబ్బ వేసేవాడు నిజమైన వజ్రాన్నే పోగొట్టుకుంటాడు.

రంగు విషయంలో మన కళ్లు ఎక్కువగా మోసపోతాయి. ఇనుప ఖనిజం హెమటైట్ ఒకచోట నల్లగా, ఒకచోట ఉక్కులా మెరుస్తూ, ఒకచోట ఎర్రమట్టిలా ఉంటుంది. బాత్‌రూం టైల్ వెనకవైపు నునుపు చెయ్యని భాగం మీద గీస్తే మూడూ ఒకే ఎరుపు-గోధుమ గీత వదుల్తాయి. ఆ ఎరుపు మనకు కొత్తది కాదు, గోడలకూ గుమ్మాలకూ పూసే జేగురు రంగు అదే. మాగ్నటైట్ అనే ఇంకో ఇనుప ఖనిజం గీస్తే నల్లగీత వస్తుంది, పైగా అయస్కాంతానికి అంటుకుంటుంది. చౌకైన స్పీకర్ అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇసుకలో లాగితే ఈ నల్లటి రేణువులు వస్తాయి. భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా తీరంలో ఉన్న పిల్లలకు నల్ల ఇసుక చారలు రోజూ కనపడేవే. అందులో ఇల్మెనైట్, గార్నెట్ అనే ఖనిజాలు కూడా ఉంటాయి. మిశ్రమాన్ని వేరు చెయ్యడం అనే పాఠానికి ఇనుపరజను, గంధకం కొనాల్సిన పని లేదు.

మా వైపు ఇళ్లలో పరిచేది నాపరాయి. బేతంచెర్లది, తాండూరుది, కడప నల్లబండ, రంగులు వేరైనా అన్నీ సున్నపురాళ్లే. చిన్న ముక్కను గరుకుగా గీకి, ఆ పొడి మీద నిమ్మరసం రెండు చుక్కలు వేసి భూతద్దంతో చూస్తే సన్నటి బుడగలు లేస్తాయి. పలుగురాయి మీద ఎంత పిండినా ఏమీ జరగదు. పిల్లలకు ఆమ్లం అంటే హైడ్రోక్లోరిక్ సీసా అనే భయం పోయి, పరీక్ష అంటే ఏమిటో అర్థమవుతుంది. పిడుగురాళ్ల బట్టీల్లో ఇదే సున్నపురాయిని కాల్చి సున్నం చేస్తారు. కాల్చినప్పుడు కార్బన్ డయాక్సైడ్ పోతుంది, నీళ్లు పోస్తే కుతకుతలాడుతుంది, గోడకు పూస్తే గాల్లోంచి మళ్లీ కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని తిరిగి కాల్షియం కార్బనేట్‌గా మారుతుంది. రాయి చుట్టూ తిరిగి మళ్లీ రాయైంది. రసాయన మార్పుకు ఇంతకన్నా మంచి ఉదాహరణ పుస్తకంలో కనపడలేదు నాకు. సున్నంలో నీళ్లు పోయడం మాత్రం పిల్లల చేత చేయించకూడదు, కంట్లో పడితే చూపు పోతుంది. టీచరే దూరంగా చేసి చూపించాలి.

చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ ముక్క నా బీరువాలో ఎప్పుడూ ఉంటుంది. నల్లటి రాతిలో బంగారు చుక్కలు. బంగారమా అని ప్రతి బ్యాచ్ అడుగుతుంది. కాదు, అవి బ్రాంజైట్ అనే ఖనిజపు రేణువులు. ఆ రాయి ఒక ఖనిజం కాదు, చాలా ఖనిజాల కలయిక. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని గాబ్రో జాతిలో చేరుస్తారు. పక్కన గూడూరు అభ్రకం పెట్టి గోటితో పొర లాగమంటే కాగితంలా లేస్తుంది, ఎక్కడ లాగినా అదే పొర, ఎందుకంటే అది ఒకటే ఖనిజం. రాయికీ ఖనిజానికీ తేడా ఈ రెండు ముక్కలతో అయిపోతుంది.

ఇవన్నీ అయ్యాకే ఖనిజానికి నిర్వచనం ఇస్తాను: ప్రకృతిలో దొరకాలి, ఘనపదార్థమై ఉండాలి, జీవుల నుంచి వచ్చింది కాకూడదు, నిర్దిష్టమైన రసాయన కూర్పు ఉండాలి, లోపల స్ఫటిక అమరిక ఉండాలి. ఇచ్చి ఊరుకోను, దానితో దెబ్బలాడమంటాను. వంటింటి సైంధవ లవణం ఖనిజమేనా? ఔను. పటికబెల్లం? చక్కటి స్ఫటికమే, కానీ చెరకు నుంచి మనిషి చేసింది. హిమాలయాల మీద మంచు? ఔను, చాలామంది పిల్లలు నమ్మరు గానీ ఔను. బొగ్గు? 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు, సింగరేణి అక్కణ్నించి మొదలైంది. చట్టం బొగ్గును ఖనిజమనే అంటుంది. కానీ అది చెట్ల నుంచి వచ్చింది, స్ఫటిక అమరిక లేదు, కాబట్టి శాస్త్రం నిర్వచనంలో పట్టదు. ఇంట్లో సింగరేణి కార్మికులున్న పిల్ల ఒకమ్మాయి దీని మీద నాతో గట్టిగా వాదించింది. గని నుంచి వచ్చేదాన్ని ఖనిజం కాదంటారేంటి సార్ అని. ఆ వాదన ముగిసేసరికి క్లాసు మొత్తానికి నిర్వచనంలోని ప్రతి ముక్కా ఎందుకుందో తెలిసింది. అయిదుసార్లు రాయించినా అంత రాదు.

ఈ పద్ధతికి అడ్డు చెప్పేవాళ్ల మాటల్లో బలమున్నవి ఉన్నాయి. ఒకటి భద్రత. రాళ్లన్నీ పిల్లల చేతికి ఇవ్వదగ్గవి కావు. పులివెందుల ప్రాంతంలో దొరికే రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, దాని నారలు ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ల తర్వాత ప్రాణం తీస్తాయి. అది క్లాసులోకి రాకూడదు, ఫొటో చాలు. సీసం ఉన్న గెలీనా లాంటివి ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి. పలుగురాయిని పొడి చెయ్యకూడదు, పగలగొట్టాల్సి వస్తే గుడ్డలో చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని కొట్టాలి. ఏ రాయినీ నాలుకతో తాకకూడదు. ఈ జాగ్రత్తలు పాఠానికి ముందు చదివే ప్రమాణంలా కాకుండా పాఠంలో భాగంగా వస్తే పిల్లలు పాటిస్తారు. ఎందుకు పాటించాలో తెలిసిన నియమం కాబట్టి.

రెండోది టైం. ఔను, సాంద్రత ప్రయోగానికి రెండు పీరియడ్లు పడుతుంది. కానీ బట్టీ పట్టించి, మర్చిపోతే మళ్లీ పట్టించి, పరీక్షకు ముందు రివిజన్ చేయించే పీరియడ్లన్నీ కలిపితే అంతకన్నా ఎక్కువే అవుతాయి. వాటిని ఎవరూ లెక్కలో వెయ్యరు.

మూడోది పరీక్ష. అసలు చిక్కు ఇదే, మిగతావన్నీ దీని పిల్లలు. బడిలోనే పెట్టే ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షల్లో ప్రాజెక్టుకూ ప్రయోగానికీ కాగితం మీద చోటుంది, కానీ చాలా చోట్ల ఆ మార్కులు ఆఫీసు రూములో నిండుతాయి. ప్రశ్నపత్రం నిర్వచనం అడిగితే టీచర్ నిర్వచనమే చెప్తాడు, అతన్ని తప్పుపట్టలేను. దీన్ని మార్చి చూపించిన అనుభవం మన దేశంలోనే ఉంది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలలతో ప్రయోగాల ద్వారా సైన్సు నేర్పే కార్యక్రమం మొదలైంది. పల్లెటూరి ప్రభుత్వ బడులు అవి. పిల్లలకు చౌక కిట్లు ఇచ్చారు, పరీక్షలో పుస్తకం తెరిచి రాయనిచ్చారు, రాత పరీక్షతో పాటు చేతులతో చేసే పరీక్ష కూడా పెట్టారు. వందల బడులకు పాకింది. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ఆపినందుకు నాకు కోపముంది. కానీ మూడు దశాబ్దాలు నడిచిందన్న సంగతి నాకు పెద్ద ఆధారం. పల్లె బడిలో, తక్కువ డబ్బుతో, మామూలు టీచర్లతో ఇది కుదరదని ఎవరైనా అంటే నేను ఆ మూడు దశాబ్దాలు చూపిస్తాను.

నేను అడిగేది అంత పెద్దది కూడా కాదు. ప్రతి మండలం నుంచి అక్కడ దొరికే రాళ్లు నాలుగు, పేర్లు రాసి, వేరే జిల్లా బడికి పంపే ఏర్పాటు కావాలి. కోడూరు పిల్లలకు భీమిలి ఇసుక, భీమిలి పిల్లలకు ముగ్గురాయి, కొత్తగూడెం బొగ్గు కడపకు, కడప నల్లబండ కొత్తగూడేనికి. టీచర్లు వాట్సాప్‌లో మాట్లాడుకుని చెయ్యగలిగిన పని ఇది. బడ్జెట్ కావలసింది ఒక్క కాటాకే.

పరీక్షలో ఒక్క ప్రశ్న మార్చినా చాలు. ఎనిమిదో తరగతి పేపర్లో ఇలా అడగండి: "మీ బల్ల మీద అ, ఆ, ఇ అనే మూడు రాళ్లున్నాయి. కాటా, నీళ్లు, గాజు ముక్క, టైల్, నిమ్మకాయ ఇచ్చాం. ఏది సున్నపురాయి, ఏది పలుగురాయి, ఏది ముగ్గురాయి? మీరు చేసిన పరీక్షలు, వచ్చిన అంకెలు, సరిపోలని అంకె ఏదైనా ఉంటే దానికి కారణం రాయండి." పది మార్కులు. పేర్లకు మూడు, పరీక్షలకు అయిదు, సరిపోలని అంకెను దాచకుండా రాసినందుకు రెండు.